ఎప్పుడు వింటారన్నదే అసలు అధికారం

1997 జూలై 11న సుప్రీంకోర్టు మన అనంతగిరి కొండల మీద ఒక తీర్పు ఇచ్చింది. విశాఖలో ఉండేవాళ్లలో బొర్రా గుహలు చూడనివాళ్లు తక్కువ. అరకు రైలు, బొంగు చికెన్ అందరికీ తెలుసు. ఆ గుహల చుట్టూ ఉన్న ఊళ్ల మీద ఇచ్చిన తీర్పును దేశమంతా లా కాలేజీల్లో పాఠంగా చెప్పుకుంటారని మాత్రం ఎక్కువమందికి తెలియదు. దాన్ని సమతా కేసు అంటారు. మన దేశంలో అతి పెద్ద కోర్టు బలం ఏమిటో, అది ఎక్కడ తడబడుతుందో చెప్పడానికి ఏజెన్సీ గురించి అక్కడికి వెళ్లిన రెండు కేసులు దాదాపు సరిపోతాయని నా నమ్మకం.

ముందు మొదటిది. అనంతగిరి మండలం అప్పుడు విశాఖ జిల్లాలోనే ఉండేది, 2022లో కొత్త జిల్లాలు వచ్చాక అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. బొర్రా రిజర్వు ఫారెస్టు, దాని చుట్టుపక్కల 14 గిరిజన గ్రామాలు. తరాలుగా ఆ నేల దున్నుకుంటున్నారు, చేతిలో పట్టాల్లేవు. కింద కాల్సైట్, అభ్రకం లాంటి ఖనిజాలున్నాయి. వాటిని తవ్వుకోమని ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చింది.

ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదని 1959లోనే ఒక రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని ఇంకా బిగించారు. మనం 1/70 చట్టం అంటామే, అదే. అయితే సర్కారు వాదన వేరు. గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మకూడదు, ఒప్పుకున్నాం. కానీ ఇది ప్రభుత్వ భూమి, ప్రభుత్వం తన భూమిని ఎవరికి లీజుకిస్తే ఎవరికేంటి? సమతా అనే స్వచ్ఛంద సంస్థ దీని మీద హైకోర్టుకి వెళ్లి 1995లో ఓడిపోయింది. అప్పుడు సుప్రీంకోర్టు తలుపు తట్టింది.

ముగ్గురు జడ్జిల బెంచి. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ఒకవైపు, జస్టిస్ పట్నాయక్ ఇంకోవైపు. ఇద్దరి మాట నెగ్గింది. ఏజెన్సీ భూమి విషయంలో గిరిజనేతరుడికి ఏ అడ్డు ఉందో ప్రభుత్వానికీ అదే అడ్డు ఉందన్నారు. ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన లీజులు చెల్లవన్నారు. తవ్వితే ప్రభుత్వ సంస్థలు తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘాలు తవ్వాలి. లాభంలో కనీసం 20 శాతం తీసి ఆ ప్రాంతంలో నీళ్లకి, బడికి, ఆసుపత్రికి, రోడ్లకి శాశ్వత నిధిగా పెట్టాలని కూడా రాశారు. జస్టిస్ రామస్వామి రిటైరయ్యే వారంలో వచ్చిన తీర్పు ఇది. ఇంకో పది రోజులు ఆలస్యమైతే కొత్త బెంచి ముందు వాదనలు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

కొన్నేళ్ల కిందట కిరండూల్ పాసింజర్లో బొర్రాలో దిగి, గుహల వైపు కాకుండా పైన ఊళ్ల వైపు నడిచాను. ఒక పెద్దాయన దారి పక్కన పాత తవ్వకం చూపించాడు. కొండ పొట్ట కోసినట్టు ఒక గాటు, అందులో అక్కడక్కడా మెరిసే తెల్లరాళ్లు, వాటి మధ్యలో మొలిచిన ఎత్తైన గడ్డి, మేస్తున్న రెండు మేకలు. కోర్టు సంగతి తెలుసా అని అడిగాను. "తెల్దేటి బాబూ. లారీలొచ్చేవి. మరి రానేదు. ఈ జీడితోట నాదే, అప్పుడేసినాదే" అన్నాడు. తీర్పు నంబరు గానీ, జడ్జిల పేర్లు గానీ ఆయనకి తెలియవు. లారీలు ఆగడం తెలుసు. నేను చదివిన సుప్రీంకోర్టు తీర్పుల్లో చాలావాటికి ఇలా చేత్తో ముట్టుకుని చూడగలిగే ఫలితం లేదు.

మా పెద్ద మావయ్య దగ్గర ఈ మాట ఎత్తితే ఊరుకోడు. స్టీల్‌ప్లాంటులో పని చేసి రిటైరయ్యాడు, గాజువాకలో ఉంటాడు. "ఒరే, ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలు పోయాయి. ఫ్యాక్టరీ ఏ కోర్టూ ఇవ్వలేదు, జనం తెచ్చుకున్నారు. ఎప్పుడూ ఓటు అడగని పెద్దమనుషులు ముగ్గురు కూర్చుని, కోట్లమంది ఎన్నుకున్న ప్రభుత్వం చేసింది చెల్లదంటే అదేం ప్రజాస్వామ్యంరా?" అంటాడు. ఈ ప్రశ్నని తేలిగ్గా తీసిపారేసేవాళ్లంటే నాకు కోపం. ఇది తెలివైన ప్రశ్న. 2021 జనవరిలో కేంద్రం స్టీల్‌ప్లాంటుని అమ్మకానికి పెట్టాలని నిర్ణయించినప్పుడు కూడా దానికి అడ్డు నిలిచింది కూర్మన్నపాలెంలో శిబిరం వేసుకుని కూర్చున్న కార్మికులే.

కానీ మావయ్యా, ఉక్కు ఉద్యమంలో ఊరూరా జనం ఉన్నారు. విద్యార్థులు రోడ్డెక్కారు, ఎమ్మెల్యేలు రాజీనామాలు చేశారు. అనంతగిరిలో 14 ఊళ్లకి అంత జనం ఎక్కడినుంచి వస్తారు? అందరూ కలిసి వచ్చినా బీచ్ రోడ్డులో ఒక మూల కూడా నిండదు. వాళ్ల ఓట్లతో ఏ ప్రభుత్వమూ పడిపోదు. వాళ్లకి అన్యాయం చేసి కూడా నిక్షేపంగా మళ్లీ గెలవొచ్చు. తల లెక్కలో ఓడిపోయేవాళ్లకి, లెక్కతో పని లేకుండా వాళ్ల మాట వినే చోటు ఒకటి ఉండి తీరాలి. రాజ్యాంగంలో 32వ అధికరణం అందుకే ఉంది. ప్రాథమిక హక్కుకి భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లొచ్చు. దాన్ని రాజ్యాంగానికి గుండె, ఆత్మ అన్నారు అంబేద్కర్. కోర్టు అధికారానికి సమర్థన ఇదే అనుకుంటాను. జడ్జిలు మనకంటే తెలివైనవాళ్లనో మంచివాళ్లనో కాదు. వాళ్లకి వచ్చే ఎన్నికల భయం లేదు, అంతే.

భయం లేకపోతే ధైర్యం దానంతటదే వచ్చేస్తుందని చెప్పలేం. ఎమర్జెన్సీలో జరిగిందే చూడండి. మనిషిని అకారణంగా జైల్లో పెడితే కోర్టుకి వెళ్లే హక్కు ఉందా అన్న ప్రశ్నకి 1976 ఏప్రిల్ 28న ఐదుగురు జడ్జిల్లో నలుగురు లేదన్నారు. ఉందన్నవాడు హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడు. మరుసటి ఏడు ఆయన్ని దాటవేసి జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేశారు, ఆయన రాజీనామా ఇచ్చి వెళ్లిపోయాడు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే ఒప్పుకోవడానికి 2017 దాకా పట్టింది.

ఆ 2017 తీర్పులో మన తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిన కథ ఇంకొకటి ఉంది. ఖరక్ సింగ్ అనే ఆయన, పోలీసులు అర్ధరాత్రి వచ్చి తలుపు కొడుతున్నారని సుప్రీంకోర్టుకి వెళ్లాడు. రాత్రిపూట ఇళ్లకి రావడం తప్పేనని 1962లో కోర్టు ఒప్పుకుంది గానీ, ఏకాంత హక్కు (ప్రైవసీ) అనేది రాజ్యాంగంలో లేదని మెజారిటీ జడ్జిలు అన్నారు. రాజమండ్రి వాడైన కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. స్వేచ్ఛ అంటే ఒంటికి సంకెళ్లు లేకపోవడమే కాదు, మన బతుకులోకి ఎవరూ తొంగిచూడకపోవడం కూడా స్వేచ్ఛేనని విడిగా రాశాడు. ఓడిపోయిన తీర్పు. దాదాపు 55 ఏళ్లు అలా పుస్తకాల్లో పడి ఉంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జిలు ఏకగ్రీవంగా ఏకాంత హక్కు ప్రాథమిక హక్కేనని చెప్పినప్పుడు సుబ్బారావు మాటే నిలబడింది. ఆ తొమ్మిదిమందిలో ఒకరు జాస్తి చలమేశ్వర్. మన ఆంధ్రా యూనివర్సిటీలో లా చదివినవాడు.

సుబ్బారావే 1967లో గోలక్‌నాథ్ కేసులో ఒక్క ఓటు తేడాతో, ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు కూడా తగ్గించలేదని తీర్పిచ్చాడు. ఆరుగురు ఇటు, ఐదుగురు అటు. ఆ తర్వాత కొద్ది వారాలకే, రిటైర్మెంటుకి మూడు నెలలుండగా, రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల తరఫున నిలబడ్డాడు. ఓడిపోయాడు. ఆయనంటే నాకు ఎంత గౌరవమున్నా ఆ పని మాత్రం నాకు నచ్చదు. అంత పెద్ద తీర్పిచ్చిన చేత్తోనే నామినేషన్ వేస్తే, తీర్పు మీద కూడా జనానికి అనుమానం వస్తుంది. ఈ రోజు జడ్జిలు రిటైరైన వెంటనే పదవులు తీసుకుంటుంటే మనం అడిగే ప్రశ్న ఆయన్నీ అడగాలి, మనవాడని వదిలేయకూడదు.

గోలక్‌నాథ్ తీర్పుని 1973లో కేశవానంద భారతి కేసులో పక్కనపెట్టారు. 13 మంది జడ్జిలు 68 రోజులు విని, మళ్లీ ఒక్క ఓటు తేడాతో, ఏడుగురు ఆరుగురుగా చీలి, పార్లమెంటు రాజ్యాంగాన్ని మార్చవచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని మార్చకూడదన్నారు. అప్పటినుంచి దేశంలో చివరి మాట ఎవరిదంటే సుప్రీంకోర్టుదే. ఇంత అధికారం ప్రపంచంలో చాలా తక్కువ కోర్టులకి ఉంది. ఇది ఎక్కువైందని అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. నా బాధ అధికారం ఎంత ఉందన్నది కాదు, దాన్ని ఎప్పుడు వాడుతున్నారు, ఎప్పుడు వాడకుండా కూర్చుంటున్నారు అన్నది.

2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. ద్వారకానగర్ ఏటీఎంల ముందు తెల్లారకముందే లైన్లు కట్టిన రోజులు ఎవరూ మర్చిపోరు. పూర్ణామార్కెట్‌లో కూరగాయల బండ్లవాళ్లు చిల్లర లేక అరువు పెట్టి అమ్మారు. అది చట్టప్రకారం జరిగిందా లేదా అన్న ప్రశ్నని డిసెంబరు 16న సుప్రీంకోర్టు, ఐదుగురు జడ్జిలుండే రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. తీర్పు వచ్చింది 2023 జనవరి 2న. నలుగురు సరే అన్నారు. జస్టిస్ బి.వి. నాగరత్న ఒక్కరే, పద్ధతి ప్రకారం జరగలేదన్నారు. కానీ అప్పటికి అంతా అయిపోయింది, వెనక్కి తీసుకెళ్లే వీలు లేదు కాబట్టి తన తీర్పు వల్ల ఎవరికీ ఊరట ఇవ్వలేనని ఆమే రాయాల్సి వచ్చింది. ఆరేళ్ల తర్వాత ఐదుగురూ ఆమె వైపే ఉన్నా ఏం ఒరిగేది?

ఇచ్చిందెవరో జనానికి తెలియకుండా పార్టీలకి విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లదీ అదే తంతు. పథకం 2018 జనవరిలో మొదలైంది. దానికి ముందే, 2017లోనే పిటిషన్లు పడ్డాయి. మధ్యలో స్టే అడిగితే ఇవ్వలేదు. 2019 లోక్‌సభ ఎన్నికలు అయిపోయాయి, ఎన్నో అసెంబ్లీ ఎన్నికలు అయిపోయాయి, 16 వేల కోట్ల రూపాయలకు పైగా బాండ్లు అమ్ముడుపోయాయి. 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు జడ్జిలూ ఒక్క మాట మీద, ఇది రాజ్యాంగ విరుద్ధం, ఓటరుకి తెలుసుకునే హక్కు ఉంది అన్నారు. మంచి తీర్పు. చదివి సంతోషించాను కూడా. కానీ ఆ హక్కు 2019లో ఓటేసిన నాకు ఎందుకు లేకపోయింది? కేసు కోర్టు దగ్గరే ఉంది, ప్రశ్న అప్పుడూ అదే, రాజ్యాంగమూ అదే.

కేసు వినకుండా ఉంచడం తటస్థంగా ఉండడమని కోర్టువాళ్లు అనుకోవచ్చు. అది తటస్థం కాదు. విననంత కాలం ప్రభుత్వం చేసిందే చెల్లుతుంది. అంటే కోర్టు నోరు విప్పకుండానే ఒక పక్షాన్ని గెలిపిస్తోంది. పైగా తీర్పు ఇస్తే కారణాలు రాయాలి, వాటిని మనం చదివి విమర్శించవచ్చు. వినకపోవడానికి కారణాలు రాయక్కర్లేదు. ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని అధికారం ఏదైనా ఉందంటే అది ఇదే, అందుకే నాకు దీని మీద ఇంత పట్టుదల.

ఇదే కోర్టు సమయానికి పని చేస్తే ఏమవుతుందో కూడా మన ఊరే చూసింది. 1985 డిసెంబరులో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాస్ లీకైంది. భోపాల్ జరిగి అప్పటికి ఏడాది. సుప్రీంకోర్టు ఆ కేసుని చకచకా విని 1986 డిసెంబరు 20కల్లా తీర్పిచ్చేసింది. ప్రమాదకరమైన సరుకుతో వ్యాపారం చేసేవాడు, దానివల్ల ఎవరికి నష్టం జరిగినా పూర్తి బాధ్యత వహించాలి. నా తప్పేమీ లేదు, జాగ్రత్తలన్నీ తీసుకున్నాను అనే సాకు కుదరదు. అంతకుముందు బ్రిటిష్ కోర్టుల నుంచి మనం అరువు తెచ్చుకున్న సూత్రంలో తప్పించుకోవడానికి సందులు చాలా ఉండేవి. వాటన్నిటినీ ఒక్క తీర్పుతో మూసేశారు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైంది. 12 మంది చనిపోయారు. రోడ్ల మీద జనం ఎక్కడివాళ్లక్కడ కుప్పకూలిన ఫోటోలు దేశమంతా చూసింది. మర్నాడే జాతీయ హరిత ట్రైబ్యునల్ తనంతట తానుగా కేసు తీసుకుని 50 కోట్లు కట్టమంది, జూన్ 1న కంపెనీకి పూర్తి బాధ్యత ఉందని తేల్చింది. ఆ మాట అనడానికి ట్రైబ్యునల్ కొత్తగా సూత్రం కనిపెట్టాల్సిన పని లేకపోయింది. 34 ఏళ్ల కిందటే ఢిల్లీలో తయారుచేసి పెట్టిన సూత్రం వెంకటాపురం వచ్చింది. ఆ రోజు సుప్రీంకోర్టు ఆ కేసుని పదేళ్లు సాగదీసి ఉంటే ఏమయ్యేదో అనుకోవడానికి భోపాల్ ఉండనే ఉంది. అక్కడ సూత్రం తేలకుండా 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిర్చారు. అది చాలదని కేంద్రమే 2010లో వేసిన పిటిషన్‌ని 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇక ఏజెన్సీలో రెండో కేసు. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. ఏజెన్సీ బడులకి మైదానం నుంచి వచ్చే టీచర్లు సరిగా వెళ్లడం లేదని, పిల్లలకి వాళ్ల భాష తెలిసినవాళ్లు కావాలని 2000 జనవరి 10న ప్రభుత్వం జీవో నంబర్ 3 ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే. కువి మాట్లాడే ఇంట్లోంచి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇంట్లోంచి ఒకటో తరగతికి వచ్చిన పిల్లకి తెలుగులో పాఠం అంటే సగం అయోమయం. అలాంటి చోట ఆ ఊరి అమ్మాయే టీచరైతే ఎంత తేడా ఉంటుందో ఏజెన్సీ తెలిసినవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. హైకోర్టు ఆ జీవోని సమర్థించింది. వ్యతిరేకించినవాళ్లు సుప్రీంకోర్టులో 2002లో అప్పీలు వేశారు.

అది 18 ఏళ్లు అక్కడే ఉంది. 2020 ఏప్రిల్ 22న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా, ఐదుగురు జడ్జిలు ఆ జీవో చెల్లదన్నారు. నూటికి నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధం, 50 శాతం హద్దు దాటకూడదు అన్నారు. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని మాత్రం కదిలించలేదు, అది మంచిపనే. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనడం రోత పుట్టించే ఆలోచన అనే అర్థం వచ్చే మాట కూడా తీర్పులో ఉంది. చదివినప్పుడు మనసు చివుక్కుమంది.

తీర్పు తప్పని నా అభిప్రాయం. నూరు శాతం అనేది మామూలు చోట ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల కోసం రాసిన ఐదో షెడ్యూలు ఉన్నదే మామూలు చోటు కానిదాని కోసం. ఆ ప్రాంతానికి ఏ చట్టం ఎలా వర్తించాలో మార్చే అధికారాన్ని గవర్నరుకి రాజ్యాంగమే ఇచ్చింది. 1997లో ఇదే కోర్టు ఐదో షెడ్యూలుని ఎంత విశాలంగా చదివిందో 2020లో అంత ఇరుకుగా చదివింది. మొదటిసారి భూమి నిలబడింది, రెండోసారి ఉద్యోగం పోయింది, మనుషులు మాత్రం ఆ కొండల వాళ్లే.

నాకు అనుకూలంగా వచ్చినప్పుడు కోర్టు గొప్పది, రానప్పుడు చెడ్డది అని నేను అనడం లేదు. తీర్పు తప్పయితే వాదించవచ్చు, ఇంకో రోజు ఇంకో బెంచి సరిదిద్దవచ్చు. సుబ్బారావు మాట అలాగే బతికింది. 18 ఏళ్లు మాత్రం ఎవరూ సరిదిద్దలేరు. జీవో వచ్చిన ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్ల డీఎస్సీకి సిద్ధమయ్యే వయసుకి వచ్చేసింది. ఆ ఉద్యోగం తనకుంటుందన్న నమ్మకంతో టీచర్ ట్రైనింగ్ చేసిన కుర్రాళ్లు పాడేరులో, చింతపల్లిలో ఎందరో. 2003లోనే చెల్లదని చెప్పి ఉంటే ప్రభుత్వం ఇంకో దారి వెతికేది, ఆ పిల్లలు ఇంకో చదువు చదువుకునేవాళ్లు. ఆలస్యం తీర్పులోని తప్పుకి ఇంకో తప్పుని కలిపింది.

సమతా తీర్పుకి కూడా తర్వాత కష్టాలు తప్పలేదు. 2001లో బాల్కో అనే అల్యూమినియం కంపెనీ అమ్మకం కేసులో ఇంకో ముగ్గురు జడ్జిలు ఆ మెజారిటీ తీర్పు సరైనదేనా అని గట్టి అనుమానమే వ్యక్తం చేశారు. దాన్ని తిరగరాయలేదు, నిలబెట్టనూ లేదు. ఆ అనుమానాన్ని పట్టుకుని అప్పటినుంచి ప్రతి రాష్ట్ర ప్రభుత్వమూ సందు వెతుకుతూనే ఉంది. మన దగ్గర బాక్సైట్ విషయంలో జరిగింది చూశాం. ప్రైవేటు వాడు తవ్వకూడదన్నారు కదా, ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి ప్రైవేటు ఫ్యాక్టరీకి ఇస్తుందని ఒప్పందాలు రాసుకున్నారు. 2015లో జీవో 97 తో అడవి అప్పగించబోతే చింతపల్లి, జెర్రెల వైపు ఊళ్లకి ఊళ్లు ఎదురు తిరిగాయి. చివరికి 2019లో అనుమతులు రద్దు చేశారు. అక్కడ మావయ్య చెప్పిందే నిజమైంది, ఆపింది జనమే. కానీ వాళ్లు పట్టుకుని నిలబడ్డ కర్ర సమతా తీర్పు. సభల్లో ఆ పేరు వినపడేది, గోడల మీద రాసుకునేవాళ్లు. కోర్టు చెప్పకపోతే జనానికి పట్టు దొరికేది కాదు, జనం లేకపోతే కోర్టు చెప్పింది కాగితంలోనే ఉండిపోయేది.

కేసు ఎప్పుడు వినాలో, ఎవరు వినాలో నిర్ణయించేది ఎవరు? ప్రధాన న్యాయమూర్తి ఒక్కరే. దీన్ని రోస్టర్ అధికారం అంటారు. 2018 జనవరి 12న నలుగురు సీనియర్ జడ్జిలు ఢిల్లీలో చలమేశ్వర్ ఇంటి పచ్చికలో ప్రెస్‌మీట్ పెట్టి, ముఖ్యమైన కేసుల్ని ఎంపిక చేసుకున్న బెంచిలకు పంపుతున్నారని బాహాటంగా చెప్పారు. దేశంలో అంతకుముందు అలాంటిది జరగలేదు. జడ్జిలు ప్రెస్‌మీట్ పెట్టడమేంటని తిట్టినవాళ్లు చాలామంది. నేను మాత్రం చలమేశ్వర్‌ని ఆ రోజు నుంచే ఎక్కువ గౌరవించాను. 2015లో జడ్జిల నియామక కమిషన్ చట్టాన్ని నలుగురు కొట్టేస్తే ఆయన ఒక్కడే ఒప్పుకోలేదు, జడ్జిల్ని జడ్జిలే ఎంపిక చేసే కొలీజియంలో ఏం జరుగుతుందో బయటివాళ్లకి తెలియకపోవడం మంచిది కాదని రాశాడు. ఆ కమిషన్ విషయంలో నేను ఆయనతో ఏకీభవించను, ప్రభుత్వం చేతికి నియామకాలు పోవడం నాకు భయం. కానీ తలుపులు మూసుకుని చేసే పని మీద ఆయన అన్నది అక్షరాలా నిజం. అదే 2018 జూలైలో సుప్రీంకోర్టు, రోస్టర్ విషయంలో ప్రధాన న్యాయమూర్తిదే తుది మాట అని తేల్చేసింది. తన అధికారం గురించి తానే ఇచ్చుకున్న తీర్పు.

నాకు కావలసినవి పెద్ద కోరికలు కావు. రాజ్యాంగ ధర్మాసనానికి పంపిన కేసుకి, పంపిన రోజే విచారణ తేదీ వెయ్యాలి. ఆ తేదీ దాటితే ఎందుకు దాటిందో కోర్టు రాతపూర్వకంగా చెప్పాలి. ఏ కేసు ఏ బెంచికి వెళ్లాలో ఒక్కరు కాకుండా కనీసం ముగ్గురు సీనియర్లు కలిసి నిర్ణయించాలి. ప్రభుత్వం చేస్తున్న పని తర్వాత వెనక్కి తిప్పలేనిదైతే, స్టే ఇవ్వాలా వద్దా అన్నది మొదటి నెలలోనే కారణాలతో తేల్చాలి. వీటిలో దేనికీ పార్లమెంటు అక్కర్లేదు, జడ్జిలంతా కూర్చుని తమ నియమాలు మార్చుకుంటే చాలు.

ఇంకొకటి దూరం. ఒకసారి ఒక కోర్టు వరండాలో ఏజెన్సీ నుంచి వచ్చిన ఒకావిడని చూశాను. కాగితాలన్నీ పాలిథిన్ కవర్లో చుట్టి, ఆ కవర్ని చీర కొంగులో మూటకట్టుకుంది. ప్లీడరు గుమాస్తా వచ్చి వాయిదా పడిందమ్మా అన్నాడు. ఆమె మారు మాట్లాడలేదు, మూట విప్పి కాగితాలు తడిశాయేమో చూసుకుని మళ్లీ కట్టుకుంది. కొండ దిగి విశాఖ రావడానికే ఆమెకి ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ పోయాయి. హైకోర్టు అమరావతిలో ఉంది. సుప్రీంకోర్టుకైతే ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఒకటిన్నర రోజు, రెండు వేల కిలోమీటర్ల పైమాటే. అక్కడి లాయరు ఫీజు సంగతి చెప్పనే వద్దు. ఢిల్లీకి దగ్గరగా ఉన్న హైకోర్టుల నుంచే సుప్రీంకోర్టుకి అప్పీళ్లు ఎక్కువ వెళ్తాయన్నది పరిశోధకులు లెక్కలు తీసి చూపించిన విషయమే. అంటే అందరి కోర్టు కొందరికే దగ్గర.

కోవిడ్ తర్వాత వీడియోలో వాదించే వీలు వచ్చింది. 2022 సెప్టెంబరు నుంచి రాజ్యాంగ ధర్మాసనం విచారణలు ఎవరైనా ఫోన్లో చూడొచ్చు, తీర్పుల తెలుగు అనువాదాలూ కొన్ని వస్తున్నాయి. ఇవి మంచి మార్పులు. కానీ ఇవి చాలు అనేవాళ్లతో నేను ఒప్పుకోను. సుప్రీంకోర్టు ఢిల్లీలోనే కూర్చోవాలని రాజ్యాంగం ఎక్కడా బిగించలేదు. 130వ అధికరణం ప్రకారం, రాష్ట్రపతి ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి వేరే చోట కూడా కోర్టు పెట్టొచ్చు. 2009లో లా కమిషన్ 229వ నివేదిక, రాజ్యాంగ కేసులకి ఢిల్లీలో ఒక ధర్మాసనం ఉంచి, మామూలు అప్పీళ్ల కోసం నాలుగు దిక్కులా బెంచిలు పెట్టాలంది, దక్షిణాదికి చెన్నై గానీ హైదరాబాద్ గానీ అని పేర్లతో సహా చెప్పింది. జడ్జిలు ఒప్పుకోలేదు. కోర్టు ముక్కలైపోతుంది, ఒక చోట ఒకలా ఇంకో చోట ఒకలా తీర్పులొస్తాయి అన్నారు. ఇద్దరేసి, ముగ్గురేసి కూర్చునే బెంచిలు ఢిల్లీలో ఒకే కప్పు కింద ఉండి కూడా ఒకదానికొకటి పొంతన లేని తీర్పులు ఇస్తున్నాయి. బాల్కో, సమతాల మధ్య జరిగింది అదే కదా. హైదరాబాద్‌లో బెంచి ఉంటే, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన మనిషి తెల్లారేసరికి అక్కడ దిగి, తన భూమి గురించి లాయర్లు ఏం మాట్లాడుకుంటున్నారో వెనక కూర్చుని విని, రాత్రి బండికి తిరిగి రావచ్చు. ఆ నివేదికని సుప్రీంకోర్టు జడ్జిలు మళ్లీ తెరవాలి, ఈసారి వద్దనుకుంటే ఎందుకు వద్దో కారణాలు రాసి మన ముందు పెట్టాలి.